పెరటి కోడి తొలి గుడ్డు

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అని మనలో ఒక సామెత కలదు. నాలుగు కోడిపిల్లలను తెచ్చి పెరటిలో విడిచిన యింట ఈ సామెతకు తరచుగా పని కలుగుచుండును. పిల్లలకు రెక్కల ఈకలైనను పూర్తిగా రాకమునుపే ఇంటిలోని చిన్నవారు గుడ్లు పంచుకొందురు. రెండు నెలలు గడచిన పిమ్మట పొరుగువారు అడుగ మొదలిడుదురు: "ఏమక్కా, నీ పెట్ట గుడ్డుకొచ్చిందా?" "ఇంకా లేదమ్మా" అని ఇల్లాలు బదులు చెప్పును. ఆ ప్రశ్నయు, ఆ జవాబును మరి నాలుగు నెలలపాటు మారకుండ సాగును. నేటి ప్రసంగమునకు విషయము ఆ నిరీక్షణయే.

ఇది చిన్న విషయమని కొందరు తలపవచ్చును. నగరమున అంగడికి పోయి అర డజను గుడ్లు తెచ్చుకొనువారికి ఇది చిన్నదే. కాని నెల్లూరు సముద్రతీరమున, మైపాడు మొదలుకొని ఇస్కపల్లి వరకును, ఇటు కృష్ణపట్నము మొదలుకొని పులికాటు సరస్సు వరకును గల కుప్పములలోను, పాళెములలోను, ఇంటి ముంగిట తిరుగు నాలుగు కోళ్ళు ఆ యింటి ఇల్లాలికి బొక్కసము వంటివి. పొలము పురుషుని పేర నుండును. పడవయు, వలయు పురుషుని పేర నుండును. కోడి మాత్రము ఆమెది. గుడ్డు అమ్మగా వచ్చిన డబ్బు ఆమె కొంగుముడిలో నుండును. బిడ్డకు పలకయో, మందుసీసాయో కావలసివచ్చినప్పుడు ఎవరిని అడుగనక్కరలేక ఆ ముడి విప్పుకొనును.

ఈ తీరమున కోడిగుడ్డునకు మరియొక విలువ కూడ కలదు. తూర్పు తీరమున ప్రతి సంవత్సరము ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు, యంత్రపు పడవలు సముద్రము మీదికి వేటకు పోరాదు. చేపలు గ్రుడ్లు పెట్టి సంతతిని పెంచుకొను కాలమని ప్రభుత్వమువారు ఈ నిషేధమును విధించిరి. అందులకు భృతి కూడ నిచ్చుచున్నారు. అయినను వేట లేని ఇంట ఆ రెండు నెలలు చేతిలో రొక్కమాడదు; పళ్ళెములో చేప యుండదు. సరిగా ఆ దినములలో పెరటిలోని పెట్టలు గుడ్లు పెట్టుచున్నచో ఆ యిల్లు ఎంతగా తేరుకొనునో ఆలోచింపుడు. అయిదు పెట్టలు రెండు దినముల కొక గుడ్డు చొప్పున పెట్టినను 61 దినములలో 150 గుడ్లగును. ఎండ తీవ్రతచే కొంత తగ్గినను నూరు గుడ్లైనను చేతికి రాగలవు. కాని అందుకు కోడిపిల్లలను ఏ నెలలో పెంచ మొదలిడవలెను, ఎంతకాలము వేచియుండవలెను అన్నది ముందుగనే తెలిసియుండవలెను.

మొదట కాలపరిమితిని గూర్చి చెప్పుకొందము. పొదిగిన గుడ్డు పిల్లయగుటకు 21 దినములు పట్టును. ఆ పిల్ల తాను గుడ్డు పెట్టుటకు ఎన్నాళ్ళు పట్టునన్నది జాతినిబట్టి యుండును. పెద్ద పెద్ద కోళ్ళ ఫారములలో పెంచు తెల్లకోళ్ళు ఇటలీదేశపు లెగ్‌హారన్ జాతినుండి వచ్చినవి. అవి నాలుగున్నర అయిదు నెలలకే గుడ్డుకు వచ్చి, సంవత్సరమునకు 300 గుడ్లు పెట్టును. కాని వానికి లెక్కప్రకారము దాణాయు, కట్టుదిట్టమైన పాకయు కావలెను; మన పెరటిలో గద్దకును, ఎండకును తాళజాలవు. మన నాటుకోడి ఆరేడు నెలలు గడచినగాని గుడ్డుకు రాదు. వచ్చిన పిమ్మట పన్నెండు పదునైదు గుడ్లు పెట్టి పొదుగుటకు కూర్చుండును. పిదప పిల్లలను వెంటబెట్టుకొని తిరుగును. ఇట్లు ఏటికి మూడు నాలుగు దఫాలుగా మొత్తము 50, 60 గుడ్లు మాత్రమే పెట్టును. పందెపు కోడియని పేరుపొందిన అసీలు పెట్ట యింకను ఆలస్యముగా గుడ్డుకు వచ్చును, పెట్టునవియు తక్కువ.

ఈ రెండింటికి నడుమ నుండు జాతులను హైదరాబాదులోని రాజేంద్రనగరమున, 1988లో నెలకొల్పబడిన కోళ్ళ పరిశోధన సంస్థవారు తయారుచేసిరి. వనరాజా యని యొకటి, గ్రామప్రియ యని మరియొకటి. గ్రామప్రియ సుమారు అయిదున్నర నెలలకు గుడ్డుకు వచ్చి, పెరటిలో తిరుగుచు సంవత్సరమునకు 160 మొదలు 180 వరకు పెట్టగలదు. వనరాజా ఆరు నెలలకు వచ్చి నూటికి పైచిలుకు పెట్టును. మాంసమునకు కూడ పనికివచ్చును. వీని రంగుల ఈకలు చూచుటకు నాటుకోళ్ళ వలెనే యుండును. ఐతే ఒక్క సంగతి గుర్తుంచుకొనవలెను. ఈ పెట్టలకు పొదుగు గుణము లేదనియే చెప్పవచ్చును. కావున పిల్లలను లేపదలచినవారు ఒకటి రెండు నాటుపెట్టలను కూడ ఉంచుకొనుట మేలు.

"ఇన్ని నెలలు ఎందుకు? మేత యెక్కువ వేసిన త్వరగా రాదా?" అని అడుగువారు కలరు. రాదు. కోడి దేహములో జరుగు పని యేమో తెలిసినచో ఆ తొందర తగ్గును. పెట్టకు అండాశయము ఎడమవైపుననే పెరుగును. అందు సన్నని ఆవగింజలవలె వేలకొలది బీజములుండును. ఎముకలు గట్టిపడి, దేహము తగిన బరువు సంతరించుకొనిన పిమ్మటనే వానిలో ఒక్కొక్కటియు సొన నింపుకొని పెద్దదగును. తొలి గుడ్డునకు సుమారు రెండు వారములు ముందు మరియొక వింత జరుగును. పెట్ట తన పొడుగాటి యెముకల లోపలి భాగమున క్రొత్తగా ఒక మెత్తని యెముకను పెంచుకొనును. అది సున్నపు నిల్వ. పెంకు కట్టవలసిన రాత్రి కడుపులోని మేత చాలనిచో ఆ నిల్వనుండి తీసి వాడుకొనును. అదిగో, వెలుపలికి ఏమియు కనబడని ఆ రెండు వారములలోనే కోడి అన్నిటికంటె ఎక్కువ పనిచేయుచున్నది.

తొలి గుడ్డు తయారైన పిదప ఒక్కొక్క గుడ్డునకు 24 మొదలు 26 గంటల కాలము పట్టును. అందులో సుమారు 20 గంటలు పెంకు కట్టుటకే చెల్లును. అందుచేతనే నేడు ఉదయము ఏడు గంటలకు పెట్టిన కోడి రేపు ఎనిమిదింటికి, ఎల్లుండి ఇంకను ప్రొద్దెక్కి పెట్టి, పిమ్మట ఒక దినము మానుకొనును. అది సోమరితనము కాదు, దాని గడియారము. పుంజు లేనిదే పెట్ట గుడ్డు పెట్టదని కొందరు తలంతురు. అదియు సరికాదు. పిల్లలు కావలెనన్న పుంజు కావలెను. తినుటకు గుడ్డు చాలునన్న పుంజుతో పనిలేదు.

ఇక గుడ్డుకు వచ్చు గుర్తులు. మన ముసలమ్మలు చూపుమాత్రమున వీనిని పసిగట్టుదురు. అంతవరకు పాలిపోయియున్న తలమీది జుట్టు ఎర్రబారి నిగనిగలాడును. ముక్కు క్రింది తమ్మెలు నిండును. పెట్ట మేత యెక్కువ తినును. ఎవరైన చేయి చాచినప్పుడు పారిపోక, రెక్కలు కొంచెము విచ్చి నేలకు ఒదిగి కూర్చుండును. గంపలలోనికి, అటకమీదికి, గాదె సందులలోనికి తొంగిచూచుచు, గొంతులో ఏదో సణుగుకొనుచు తిరుగును. తోక క్రిందనున్న రెండు కటియెముకల నడుమ వ్రేలుంచి చూచినచో, గుడ్డుకు రాని పెట్టకు ఒక్క వ్రేలు మాత్రమే పట్టును. వచ్చినదానికి రెండు మూడు వ్రేళ్ళు పట్టును. ఈ గుర్తులు కనబడిన పెట్ట సాధారణముగా రెండు మూడు వారములలో గుడ్డు పెట్టును.

సరిగా ఈ దశలోనే మన యిండ్లలో పెద్ద పొరపాటు జరుగుచున్నది. అయిదు నెలలు నిండిన పెట్ట బరువుగా, నిగారింపుగా నుండును. పండుగయో, చుట్టమో వచ్చును. లేదా ఇంట రొక్కము లేక యజమాని, "ఇన్నాళ్ళుగా గింజలు తినుటే గాని ఒక్క గుడ్డైనా లేదు, సంతకు పంపరాదా?" అనును. అమ్మకమునకు మంచి ధర కూడ వచ్చును. కాని లెక్క చూడుడు. పెంపకపు ఖర్చులో చాలభాగము అప్పటికే అయిపోయినది. పిల్లగా నున్నప్పుడు గద్దనుండి, పిల్లినుండి, రోగమునుండి తప్పించుకొన్నది. ఇక మిగిలినది కొద్ది వారముల మేత మాత్రమే. దాని యెదుట నున్నది గుడ్లు దండిగా పెట్టు తొలి సంవత్సరము. బంగారు గుడ్లు పెట్టు బాతును కోసిన ఆశపోతు కథ మనకందరకు తెలిసినదే. ఒక్క గుడ్డైనను పెట్టకమునుపే కోయుట అంతకంటె తొందరపాటు. చుట్టమునకు పుంజులున్నవి. సంతకును పుంజులనే పంపవలెను.

మేతను గూర్చి కొన్ని మాటలు. పెరటి కోడి తన కడుపు చాలవరకు తానే నింపుకొనును. వడ్లగింజలు, పురుగులు, చెదలు, లేత గడ్డి ఏరుకొనును. వరికిని కోడికిని చుట్టరికము చాల పాతది. ఆగ్నేయాసియాలో వరి పండించు పల్లెల చెంతకు గింజలకొరకు చేరిన అడవికోళ్ళే క్రమముగా పెంపుడు కోళ్ళైనవని 2022లో ప్రకటితమైన ఒక పరిశోధన తెలుపుచున్నది. కాబట్టి పెన్నా డెల్టాలోని వరి కళ్ళము మన కోడికి పుట్టినిల్లు వంటిది. ఐతే నూకలు, తవుడు మాత్రమే తిన్నచో బలము చాలదు. మాంసకృత్తులు కూడ కావలెను. పాత కుండలో పేడయు, తడిపిన గోనెముక్కయు పెట్టి నేలమీద బోర్లించినచో చెదలు చేరును. ఆ చెదలను పిల్లలకు మేపు వాడుక మనలో కలదు. అది ఖర్చులేని మంచి మేత.

తీరవాసులకు ఎండుచేపలు చౌక. చేపపొడి కోళ్ళకు మిక్కిలి బలకరము. కాని ఉప్పు పట్టించిన ఎండుచేపలు వేయరాదు. ఉప్పు అధికమైనచో కోళ్ళు విపరీతముగా నీరు త్రాగి, విరేచనములై, చనిపోవుట కూడ కలదు. ఉప్పు కలుపక ఎండబెట్టిన చిన్నచేపలను దంచి, దాణాలో కొద్దిగా కలుపవచ్చును. అదియు మితిమీరినచో గుడ్డునకు నీచువాసన పట్టును. నీటి విషయమునను ఇదే జాగ్రత్త. సముద్రమునకు దగ్గరి బావులు, రొయ్యల గుంటల ప్రక్క బోర్లు ఉప్పదేలిన చోట్ల, మనము త్రాగు మంచినీరే కోళ్ళకును పెట్టవలెను. గుడ్డులో నాలుగింట మూడువంతులు నీరే. ఒక మధ్యాహ్నము నీళ్ళు లేకపోయినను మరునాటి గుడ్డు తప్పిపోవచ్చును.

పెంకునకు కావలసిన సున్నము మాత్రము ఈ తీరమున కావలసినంత యున్నది. ఒక్కొక్క పెంకులోను సుమారు రెండు గ్రాముల కాల్షియము ఉండును. పులికాటు సరస్సు గుల్లలు గుల్లసున్నమునకు పేరుపొందినవి. ఒడ్డున దొరకు ఆలిచిప్పలను, గుల్లలను మంచినీట కడిగి, ఎండబెట్టి, గోధుమనూక పరిమాణమున దంచి, ఒక చిప్పలో విడిగా ఉంచవలెను. దాణాలో కలుపరాదు. గుడ్డుకు రాని పిల్లలు కాల్షియము అధికముగా తిన్నచో వాని మూత్రపిండములు చెడును. విడిగా ఉంచినచో కావలసిన పెట్ట తానే వచ్చి తినును. ఇచ్చట ఒక హెచ్చరిక: పెట్టవలసినది పచ్చి గుల్ల, కాల్చిన సున్నము కాదు. కాల్చిన సున్నము నోటిని, కడుపును పొక్కించును. కోడిగుడ్డు పెంకులనే వేయదలచినచో వానిని వేయించి పొడిచేసి వేయవలెను. లేనిచో కోడికి తన గుడ్డునే పొడుచుకొని తిను దుర్గుణము పట్టవచ్చును.

మేత యెక్కువైనను ప్రమాదమే. వనరాజా వంటి జాతులు త్వరగా క్రొవ్వు పట్టును. క్రొవ్విన పెట్ట ఆలస్యముగా గుడ్డుకు వచ్చును. వచ్చినను తక్కువ పెట్టును. ఉదయము కొంచెము, సాయంకాలము కొంచెము వేసి, నడుమ తిరిగి ఏరుకొననిచ్చుట మంచిది.

ఇక ఋతువు. పెట్టను గుడ్డుకు తెచ్చువానిలో వెలుతురు ఒకటి. పగలు పెరుగుచుండగా దాని దేహము గుడ్డునకు సిద్ధపడును. తగ్గుచుండగా వెనుకకు తగ్గును. నెల్లూరులో డిసెంబరునెల పగలు దాదాపు 11 గంటల 15 నిమిషములు. జూనునెల పగలు దాదాపు 13 గంటలు. ఉత్తరదేశములతో పోల్చిన ఈ భేదము చిన్నదే. అయినను కోడి దానిని గుర్తించును. సంక్రాంతి తరువాత గుడ్లు పెరుగుటకు ఇది యొక కారణము.

దీనితో మన తీరపు వానలను, వేట నిషేధమును కలిపి చూచినచో ఒక పంచాంగము ఏర్పడును. ఈశాన్య ఋతుపవనపు వానలు అక్టోబరు నడుమ మొదలై డిసెంబరు వరకు ఉండును. తుఫానులు వచ్చునదియు అప్పుడే. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను నెల్లూరు తీరము వెంబడి సాగి, బాపట్ల చెంత తీరము దాటినది. ఆ వానలను, ఆ గాలులను తీరవాసులు మరచియుండరు. ఆ చలిలో, ఆ తేమలో ఈకలు రాని పిల్లలు బ్రదుకుట కష్టము. కావున ఆగస్టు చివరనో, సెప్టెంబరు మొదటనో పిల్లలు చేతికి రావలెను. నాటుకోడిని పొదుగ వేయువారు ఆగస్టు మొదటివారములో వేయవలెను. వానలు దిగునాటికి పిల్లలకు ఆరు వారములు నిండి, ఈకలు కమ్మును. పగలు పెరుగుచున్న జనవరి, ఫిబ్రవరులలో పెట్టలు ఎదిగి, గ్రామప్రియ ఫిబ్రవరిలోను, నాటుకోడి మార్చిలోను గుడ్డుకు వచ్చును. ఏప్రిల్ 15వ తేదీన పడవలు ఒడ్డు చేరునప్పటికి పెరటి గంపలో గుడ్లు ఉండును.

అంతవరకు వానిని కాపాడుట యెట్లు? గూడును నేలనుండి రెండు మూడడుగుల యెత్తున, కొయ్యల మీద కట్టి, తాటాకు కప్పవలెను. అప్పుడు వాననీరు చేరదు. ముంగిసయు, పామును సులభముగా లోనికి రావు. అడుగున పొడియిసుక, దానిపై బూడిద చల్లినచో గోమార్లు, పేలు తగ్గును. ఏప్రిల్, మే నెలల ఎండకు కోడి నోరు తెరచి రొప్పును. ఆ రొప్పుటవలన దేహములోని ఆమ్లక్షారముల పొందిక మారి, పెంకు పలుచనగును. నీడయు, చల్లని నీరును పెట్టుటయే దానికి మందు.

రోగములలో మొదటిది కొక్కెర తెగులు. దీనిని 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్ వద్దను, మరుసటి సంవత్సరము మన దేశమున రాణిఖేత్ వద్దను గుర్తించిరి. అందుచే ఆ రెండు పేర్లును దానికి వచ్చినవి. తెల్లవారునప్పటికి వాడకట్టులోని కోళ్ళన్నింటిని తుడిచిపెట్టగల తెగులిది. ఆరు నెలల నిరీక్షణ ఒక్క రాత్రిలో వ్యర్థమగును. సోకిన పిదప మందు లేదు. రాకుండ టీకా కలదు. మొదటి వారములో కంటిలోనో, ముక్కులోనో చుక్క వేయుట, నాలుగవ వారమున మరల చుక్క, ఎనిమిదవ వారమున రెక్క క్రింద సూది; ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన గడువున మరల వేయించుట. ఒక్క యింటివారు వేయించి, పొరుగువారు మానినచో ఫలము తక్కువ. వీధివారందరు ఒక్కనాడే వేయించుకొనవలెను. రెండు నెలలు నిండిన పిల్లలకు ఏలికపాముల మందు కూడ త్రాగించవలెను.

రెండవది బర్డ్ ఫ్లూ. 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లాలోని చాటగుట్ల, గుమ్మళ్ళదిబ్బ గ్రామములలో ఇది బయటపడెను. చుట్టుప్రక్కల కోడిమాంసపు అంగళ్ళు కొన్ని దినములు మూతపడెను. పులికాటునకు, నేలపట్టునకు ఏటేట దూరదేశములనుండి పక్షులు వచ్చు ప్రాంతము మనది. అవి మన అతిథులు. వానిని నిందింప పనిలేదు గాని, కొంగలు, బాతులు దిగు గుంటల నీటికి మన కోళ్ళను పోనీయకుండుట మన చేతిలో నున్నది. ఒక్కసారిగా రెండు మూడు కోళ్ళు చనిపోయినచో వానిని కాలువలో వేయక, వండుకొనక, వెంటనే పశువైద్యశాలకు తెలుపవలెను. మాంసమును, గుడ్లను బాగుగ ఉడికించి తినవలెను.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్న పిదపకూడ, "ఏడు నెలలైనది, గుడ్డు లేదు" అని కొందరనుచుందురు. చాలసార్లు గుడ్డు లేకపోవుట కాదు, మనకు కనబడకపోవుట. జుట్టు ఎర్రబారి, కటియెముకలు విచ్చుకొని, ఉదయము ఒక గడియ సేపు మాయమై, పిమ్మట వీధి యంతయు వినునట్లు కేరుచు వచ్చు పెట్ట ఎచ్చటనో గుడ్డు పెట్టివచ్చినదని తెలిసికొనవలెను. సరుగుడు తోటలో రాలిన ఆకుల మెత్తలోనో, తాటిచెట్టు మొదటనో, ఎత్తిపెట్టిన పాత వల మడతలలోనో వెదకిన దొరకును. దొరకిన గుడ్లు ఎన్నాళ్ళవో తెలియనిచో గిన్నెడు నీటిలో వేసి చూడుడు. క్రొత్త గుడ్డు అడుగున పడుకొనును, పాతబడినకొద్ది నిలువున లేచును, తేలినదానిని పారవేయవలెను.

పెట్ట ఇంటనే పెట్టవలెనన్నచో, అయిదవ నెలలోనే దానికి చోటు చూపవలెను. చీకటిగా, మరుగుగా నున్న మూలలో ఒక గంప, అందులో ఎండుగడ్డి, దానిమీద గుడ్డు వంటి తెల్లని గుండ్రాయి ఒకటి. ఆ రాయిని చూచి, ఇది గుడ్లకు తగిన చోటని పెట్ట నమ్మును. ఉదయము పది గంటలవరకు కోళ్ళను గూటిలో నుంచి పిదప విడిచినను ఫలముండును. తొలి గుడ్డు చిన్నదిగా నుండును. ఒకప్పుడు సొన లేకయు, ఒకప్పుడు రెండు సొనలతోను, ఒకప్పుడు పెంకు లేక తోలుగుడ్డుగాను రావచ్చును. దిష్టి తగిలినదని కంగారు పడనక్కరలేదు. కొద్దివారములలో అదియే సర్దుకొనును.

ఆ తొలి గుడ్డు ఎవరికి? ఇంటి పెద్దకని కొందరు, అమ్మకమునకని కొందరు అందురు. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు కలవు; ఎదుగు బిడ్డకును, గర్భిణికిని అంతకంటె చౌకగా దొరకు బలము మరియొకటి లేదు. మన దేశమున 2023–24లో తలకు సంవత్సరమునకు 103 గుడ్లు లభించినట్లు ప్రభుత్వపు లెక్క. అందరికంటె ఎక్కువ గుడ్లు ఉత్పత్తి చేయునది మన ఆంధ్ర రాష్ట్రమే. అయినను ఆ గుడ్లు పండు రాష్ట్రములోని ఒక పాళెములో ఒక బిడ్డ గుడ్డు ఎరుగక పెరుగుట తగునా? మొదట బిడ్డకు, గర్భిణికి, మిగిలినది అమ్మకమునకు. ఇదియే సరియైన వరుస.

అమ్మిన డబ్బును గూర్చి ఒక మాట. ఈ జిల్లా స్త్రీలకు చిన్న మొత్తముల శక్తి క్రొత్తగా చెప్పనక్కరలేదు. తీరమునుండి లోనికి, కలిగిరి ప్రక్కనున్న దూబగుంటలో రోశమ్మగారు మొదలైన స్త్రీలు 1992లో సారాకు వ్యతిరేకముగా లేచి నిలిచిరి. 1993లో సారా నిషేధము వచ్చెను. ఆ ఉద్యమపు వెనువెంటనే ఈ జిల్లాలోనే పొదుపులక్ష్మి సంఘములు బయలుదేరినవి. దినమున కొక రూపాయి దాచుటతో ఆరంభమైన పని అది. రోజుకొక రూపాయి దాచుట నేర్చిన చేతులకు, రోజుకొక గుడ్డు దాచుట కష్టము కాదు. ఒక వీధిలోని పదిమంది స్త్రీలు కలిసి ఒక్కసారిగా పిల్లలను తెప్పించి, ఒక్కనాడే టీకా వేయించి, గుడ్లను కలిపి అమ్మినచో, విడివిడిగా కానిపని కూడ సాధ్యమగును.

శ్రోతలారా, సముద్రములోని చేప గ్రుడ్లు పెట్టుకొనవలెనని సంవత్సరమునకు 61 దినములు పడవలను ఒడ్డున నిలిపి, ఆకలికి ఓర్చి వేచియుండుచున్న ప్రజలు ఈ తీరవాసులు. గడువిచ్చినగాని సంపద పెరుగదను సంగతి వారికి ఒకరు నేర్పవలసినది కాదు. అంత పెద్ద సముద్రమునకు ఇచ్చు గడువును పెరటిలోని చిన్న పెట్టకు కూడ ఇచ్చినచో చాలును. అయిదవ నెలలో సంతకు పంపక, గంపలో గడ్డి పరచి, చిప్పలో గుల్లపొడి పోసి, మంచినీరు పెట్టి మరికొన్ని వారములు ఓర్చుకొనుడు. ఒక ఉదయమున పెట్ట కేక విని బిడ్డలు గంపవద్దకు పరుగెత్తుదురు. ఆనాడు పొరుగమ్మ అడిగినప్పుడు ఇల్లాలు చెప్పు జవాబు మారును.